రాహుకాలంలో ఎక్కిన ఫైలు

"మూడో దినం కదా, నువ్వు ముట్టుకోవద్దు. మా కౌస్తుభ్ నొక్కుతాడులే."

సుదర్శనం ఈ మాట అన్నప్పుడు గోదాదేవి మేడమీద వరండాలో కొళాయి కింద తన కంచం తనే కడుక్కుంటోంది. నెలలో ఆ మూడు రోజులూ ఆ ఇంట్లో ఆమెకు వేరే కంచం, వేరే గ్లాసు, వేరే చాప. బావగారు మెట్ల మీద నిలబడి, ఆమె వైపు చూడకుండా కొళాయికి చెప్పినట్టు చెప్పి దిగిపోయాడు. నొక్కేది ఏమిటంటే కంప్యూటర్ మీద ఒక మీట. ఆ మీట వెనకాల ఉన్నది గోద మూడు నెలల పని.

తిరుపతి బైరాగిపట్టెడలో ఆ ఇంటి పైభాగం కాపురం, కిందిభాగం ఆఫీసు. తిరుచానూరులో ఇరవై రెండు లాడ్జీలకు గదుల బుకింగు నడిపే సాఫ్ట్‌వేర్ ఆ ఆఫీసుది. యజమాని బావగారు సుదర్శనం. లాడ్జీల చుట్టూ తిరిగి ఓనర్లతో మాట్లాడి వచ్చేది గోద మొగుడు కౌస్తుభ్. ఆ సాఫ్ట్‌వేర్‌కు కడుపులాంటిది డేటాబేస్. ఏ గదికి ఎవరు వస్తున్నారు, ఎప్పుడు వస్తున్నారు, ఎవరితో వస్తున్నారు, అన్నీ టేబుళ్లుగా, టేబుళ్లలో కాలమ్‌లుగా అక్కడే ఉంటాయి. ఆ టేబుళ్లు కట్టేది, మార్చేది, చెడితే కూర్చుని బాగుచేసేది గోద. నాలుగేళ్లుగా. పొద్దున ఇడ్లీ పాత్ర దించి కిందికి, పప్పు విజిల్ వేసేసరికి పైకి, మళ్లీ కిందికి. ఆ మెట్లు పందొమ్మిది. వాటి అరుగుదలలో ఆమె వాటా ఎక్కువ.

ఆఫీసుకు సిబ్బంది టేబుల్ ఒకటి ఉంది. అది కూడా గోద కట్టిందే. అందులో ఐదు పేర్లు. పొద్దున్నే వచ్చి ఊడ్చిపోయే మునిరత్నమ్మ పేరు ఉంది, ఉండాలి కూడా. కౌస్తుభ్ పేరు రెండో వరసలో ఉంది. గోద పేరు లేదు. ఒకసారి అడిగింది. "నువ్వు ఇంటి మనిషివి కదమ్మా, నీకు హాజరేంది?" అన్నాడు బావగారు. "మన ఆఫీసులో మనమే జీతం అడిగితే జనం నవ్వుతారు గోదా" అన్నాడు కౌస్తుభ్, ఆ నెల జీతం అందుకున్న రోజునే. ఇంటి మనిషి అంటే ఏమిటో ఆరోజు గోదకు బాగా తెలిసింది. ఇంట్లో అడిగితే ఆఫీసు పని కదా అంటారు, ఆఫీసులో అడిగితే ఇల్లు కదా అంటారు. రెండు చోట్లా పని ఉంటుంది, రెండు చోట్లా మనిషి ఉండదు.

ఇక మైల సంగతి. వంటింట్లోకి రాకూడదు, పూజగది గడప తొక్కకూడదు, ఆరేసిన బట్టలు తాకకూడదు. కీబోర్డు మాత్రం తాకవచ్చు. ఈ నాలుగేళ్లలో కీబోర్డుకు మైల అంటుకున్న రోజు ఒక్కటీ లేదు, ఎందుకంటే ఆమె తాకకపోతే పని ఆగుతుంది. మైల అనేది ఎప్పుడూ పని ఆగని చోటు చూసుకునే వస్తుంది. ఈరోజు మాత్రం కీబోర్డుకు కూడా వచ్చింది. ముహూర్తం పెట్టారు గనుక.

ముహూర్తం శుక్రవారం పొద్దున తొమ్మిది నలభై. పదిన్నరకు రాహుకాలం. ఆ లోపల కొత్త మార్పులు ఎక్కించేసి, లాడ్జీ ఓనర్ల సంఘం ప్రెసిడెంటుకు ఫోన్ చేసి "అయిపోయింది" అని చెప్పాలని బావగారి పట్టుదల. కంప్యూటర్‌కు పసుపు, కుంకుమ, మీద గూడూరు నిమ్మకాయ. డేటాబేస్ ఉన్న సర్వర్ నిజానికి ముంబయిలో ఎక్కడో ఉంటుంది. అక్కడ సూర్యుడు మనకంటే ఆలస్యంగా లేస్తాడు, రాహుకాలం కూడా ఆలస్యంగానే రావాలి. గోద ఈ మాట నవ్వుతూ అంటే బావగారు నవ్వలేదు.

ఎక్కించబోయే మార్పు ఏమిటో చెప్పాలి. లాడ్జీలో గది తీసుకునే కుటుంబ పెద్ద పేరుకు ఒక కాలమ్ ఉంది. వెంట వచ్చేవాళ్లందరికీ కలిపి ఒకే కాలమ్, దాని పేరు "తోడు". కౌంటర్‌లో గుమాస్తాలు ఆ ఒక్క గడిలోనే అంతా కుక్కేవాళ్లు. "భార్య, పిల్లలు ఇద్దరు, అత్త". "భార్య, అవ్వకు మోకాళ్లు, కింది గది". "భార్య, ఫోన్ ఇది". వేలకు వేలు. ఇకమీదట వచ్చే ప్రతి మనిషి వివరం విడిగా ఉండాలని ఓనర్ల సంఘం అడిగింది. గోద కొత్త టేబుల్ గీసింది. ఒక మనిషికి ఒక వరస, ప్రతి వరసలో పేరు తప్పనిసరి. పాత గడిలో "భార్య" అని మాత్రమే ఉన్నచోట కొత్త వరసలో "పేరు తెలియదు, కౌంటర్‌లో అడగాలి" అని పడేట్టు రాసింది. పరీక్షించినప్పుడు లెక్క చూసింది. పేరు లేని భార్యలు నాలుగు వేల పైచిలుకు తేలారు.

పనిని మూడు ఫైళ్లుగా రాసింది. మొదటిది కొత్త టేబుల్ కడుతుంది. రెండోది పాత గడిలోని వివరాలను విడదీసి కొత్త టేబుల్‌లోకి మోస్తుంది, కౌంటర్లలో స్క్రీన్లు బిగుసుకుపోకుండా ఐదువందల బుకింగుల చొప్పున మెల్లగా. దానికి గంటంబావు పడుతుంది. మూడోది పాత గడిని తీసేస్తుంది. ఆ మూడోదాన్ని వారం ఆగి, అంతా సరిగా నడుస్తోందని చూసుకున్నాకే ఎక్కించాలి. చింతపండు కొత్త జాడీలోకి మార్చినప్పుడు పాత జాడీ ఆరోజే కడగం కదా, అట్లా. నిన్న ఇదంతా చెప్పింది.

"గంటంబావు అంటే పదకొండు దాటుతుంది. రాహుకాలం కదమ్మా" అన్నాడు బావగారు.

"అయితే తొమ్మిదికే మొదలుపెడదాం బావా."

"ముహూర్తం తొమ్మిది నలభై అని చెప్తా ఉంటే!"

ఆ మాటతో చర్చ ముగిసింది.

ఈ ఫైళ్ల పద్ధతి గోద కనిపెట్టింది కాదు. ఆమెకు నేర్పిన మనిషిని ఆమె ఎన్నడూ చూడలేదు. పెళ్లయి ఈ ఇంటికి వచ్చేటప్పటికి గోద చదివింది లెక్కల డిగ్రీ. అత్తగారి ఇంట్లో రెండో నెల, డేటాబేస్ చూసే మనిషి మానేసి పోతే, "నువ్వు కాస్త చూడు గోదా, నీకు లెక్కలు వచ్చు కదా" అని కూర్చోబెట్టారు. చూస్తే ఆ కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్. అందులో నూట పద్నాలుగు ఫైళ్లు, వరసగా నంబర్లు వేసి. డేటాబేస్ పుట్టినప్పటి నుంచి దానికి జరిగిన ప్రతి మార్పూ ఒక ఫైలు. ప్రతి ఫైలులో రెండు భాగాలు. "ముందుకు" అన్నచోట ఏం మారుస్తున్నామో, "వెనక్కి" అన్నచోట ఆ మార్పు వద్దనుకుంటే ఎలా తిరిగి రావాలో. ప్రతి ఫైలు నెత్తిన నాలుగైదు ముక్కలు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు.

"తరవాత వచ్చే అక్కకో చెల్లెలికో: ఈ కాలమ్ తీయొద్దు. నేనొకసారి తీసినాను. మూడు దినాలు ఏడ్చినాను."

"ఏదైనా ముందు పెరట్లో చేసి చూడు. అసలు దాంట్లో చేయి పెట్టొద్దు." పెరడు అంటే అసలు డేటాబేస్‌కు అచ్చంగా పోలిన నకలు. తప్పులు చేసుకోవడానికి ఉన్న చోటు. ఆ పేరు పెట్టింది కూడా ఆమే.

"అర్థం కాకపోతే నీ తప్పు కాదు. నేను సరిగా చెప్పలేదని. ఇంకోసారి చదువు."

ఈ చివరి ముక్క చదివిన రోజు గోద తల వాల్చుకుని ఏడ్చింది. బళ్లో, కాలేజీలో, కాపురంలో, అర్థం కాకపోతే అది నీ తప్పు కాదని ఆమెకు ఎవరు చెప్పారు? ఫైలు అడుగున పేరు ఉండేది. రూతు. అంతే. ఎవరీమె అని అడిగితే కౌస్తుభ్ చెప్పాడు. "కార్వేటినగరం ఆమె. బాగానే చేస్తా ఉండె. కడుపుతో ఉన్నప్పుడు ఆర్నెల్లు సెలవు కావాలనింది. అన్న ఒప్పుకోలా. పోయినాది." కార్వేటినగరంలో ఎక్కడ, ఇప్పుడేం చేస్తోంది, ఎవరికీ తెలియదు. ఎవరూ తెలుసుకోలేదు. గోద ఆ నూట పద్నాలుగు ఫైళ్లూ ఒక్కొక్కటే చదివి, పెరట్లో పగలగొట్టి, మళ్లీ అతికించి, పని నేర్చుకుంది. నూట పదిహేనో ఫైలు తనే రాసింది. దాని నెత్తిన కూడా "తరవాత వచ్చే అక్కకో చెల్లెలికో" అనే మొదలుపెట్టింది.

ఇప్పుడు ఆమెవీ కలిపి ఫైళ్లు రెండు వందల పదికి చేరాయి. ఆమె రాసినవాటన్నింటి అడుగునా "రాసింది" అన్నచోట కంపెనీ పేరే వేయాలని బావగారి ఆజ్ఞ.

కింద గంట మోగింది. కర్పూరం వాసన మెట్లెక్కి వచ్చింది. గోద చాప మీద కూర్చుని గోడ గడియారం చూస్తోంది. తొమ్మిది నలభై ఐదుకు రెండో ఫైలు మొదలై ఉంటుంది. పదింబావుకు సగం కూడా కాదు. పదిన్నరకు... ఆపేయరు కదా? ఆపినా ఫరవాలేదు, ఎక్కడ ఆగిందో గుర్తుంటుంది. ఫైళ్లను వరసగా ఎక్కించే చిన్న ప్రోగ్రాం రూతు రాసిపెట్టింది. రెండోది ముగియనిదే మూడోది ఎక్కనివ్వదు, నకలు తీయనిదే దేన్నీ చెరపనివ్వదు. ఆ ప్రోగ్రాం ద్వారా చేసినంతసేపూ భయం లేదు. దాన్ని పక్కనపెట్టి నేరుగా చేస్తే? కౌస్తుభ్‌కు అంత తెలియదు. అంత తెలియకపోవడమే భయం.

పదిన్నరకు ఫోన్ మోగింది. తిరుచానూరు లాడ్జీ గుమాస్తా వరదయ్య. ఏ చిక్కొచ్చినా ఆఫీసు నంబరుకు కాదు, గోదకే చేస్తాడు.

"అమ్మా, ఏం సేసినారమ్మా మీరు? తోడు వచ్చేవాళ్ల గడి సూస్తే యాడా ఏమీ లేదే. పొద్దున ఉండె కదా!"

"ఒక్క బుకింగుకా, అన్నిటికీనా?"

"అన్నిటికీ పాయ. పంచమి తీర్థానికి వచ్చేవాళ్లు నిండుకోని ఉండారు. బుధవారం అవ్వాతాతలు వస్తే కింది గది ఎవురికియ్యాల, పైగది ఎవురికియ్యాల? నాకేం తెలుస్తాది? మోకాళ్ల నొప్పుల అవ్వను మూడో అంతస్తుకెక్కిస్తే పాపం నాకా, మీకా?"

"వరదయ్యా, అన్ని కౌంటర్లకూ చెప్పు. గంటసేపు కొత్త బుకింగులు కాగితం మీద రాసుకోండి. కంప్యూటర్‌లో ఏదీ నొక్కొద్దు."

గోద పందొమ్మిది మెట్లూ దిగి ఆఫీసు గడప దగ్గర ఆగింది. లోపల కౌస్తుభ్ కుర్చీలో ఉన్నాడు, ముఖంలో నెత్తురు లేదు. బావగారు నిలబడి ఉన్నాడు. కుంకుమ బొట్టు పెట్టిన మానిటర్ మీద నిమ్మకాయ అలాగే ఉంది.

"మూడోది ఎక్కించినారా?" అంది.

"టైమైపోతా ఉండెనే" అన్నాడు కౌస్తుభ్. "రెండోది నడస్తానే ఉంది, నడస్తానే ఉంది. అన్న ముగించు ముగించు అంటాండాడు. రాహుకాలానికి ముందు మూడూ అయితేనే పూర్తయినట్టు అని... ఆపేసి, మూడోది ఎక్కించబోతే ఆ ప్రోగ్రాం ఒప్పుకోలేదు. రెండోది ముగియలేదు, ఎక్కించను అనింది. అందుకని మూడో ఫైలులో ఉండే ముక్క కాపీ చేసి నేరుగా వేసేసినా."

"నేరుగా."

"నిజంగా పోతాదని నేననుకోలేదు గోదా."

తీసేయి అని ఆజ్ఞ ఇచ్చి, పోతుందని అనుకోలేదంటున్నాడు. ఇంట్లో కూడా ఈయన వాడే మాట ఇదే. నీకు బాధ కలుగుతుందని నేననుకోలేదు. గోదకు కోపం రాలేదు. కోపానికి ఇప్పుడు తీరిక లేదు. సగం పైన మోయకుండానే పాత గడి పోయింది. పదకొండు వేల నాలుగు వందల పన్నెండు బుకింగులు. వాటిలో ఐదువేలు కూడా కొత్త టేబుల్‌లోకి చేరలేదు.

గడప మీదనే నిలబడి అడిగింది. "ముట్టుకోనా బావా?"

కావాలనే అడిగింది. ఆయన నోటితో వినాలనుకుంది. సుదర్శనం గడియారం చూశాడు, నిమ్మకాయ చూశాడు, తమ్ముడిని చూశాడు.

"రాహుకాలం కదా... పన్నెండు దాకా ఆగి..."

"ఆగుదాం. అప్పటికి వరదయ్య ప్రెసిడెంటుకు ఫోన్ చేసి ఉంటాడు."

వెనక మెట్ల మీద నుంచి అత్తగారు చంద్రకాంతమ్మ గొంతు వినపడింది. మడి చీరతోనే దిగి వచ్చింది. "ఒరే సుదర్శనా. మైల, మడి అనేది నా పెత్తనం. నీది కాదు. ఆ పిల్లను కూర్చోనీ."

"అది కాదమ్మా, మంచి కార్యం..."

"మంచి కార్యం మగోళ్ల చేతుల్లో పెడితే ఏమాయనో చూస్తానే ఉండా కదా. లెయ్‌రా కౌస్తుభా, కుర్చీ ఇడిసిపెట్టు."

కౌస్తుభ్ లేచాడు. గోద కూర్చుంది. నిమ్మకాయ తీసి కిటికీలో పెట్టింది. అడ్డంగా ఉంది మరి.

నూట పద్నాలుగో నంబరు ఫైలు తెరిచింది. రూతు చివరి ఫైలు. నాలుగేళ్ల కిందట చదివినప్పుడు దీనికి ఇంత ప్రాముఖ్యం ఉందని తెలియలేదు. రెండేళ్ల కిందట బావగారు ఆ ఫైలు కట్టిన టేబుల్ చూసి "ఇది ఊరికే చోటు తింటాండాది, తీసేయ్" అన్నాడు. సరే అని తల ఊపింది, తీయలేదు. ఫైలు నెత్తిన ఇట్లా ఉంది:

"తరవాత వచ్చే అక్కకో చెల్లెలికో: బుకింగ్ టేబుల్ నుంచి ఎవరు ఏ కాలమ్ తీసినా, తీసే ముందు టేబుల్ మొత్తం అటకలో పడుతుంది. ఇది మన ప్రోగ్రాంలో పెట్టలేదు, డేటాబేస్ లోపలే కట్టినాను. ఎందుకంటే వాళ్లు నేరుగా చేయి పెడతారు. పెట్టకుండా ఉండలేరు. నువ్వు భయపడొద్దు. అటక చూడు."

గోద అటక అనే టేబుల్‌ను అడిగింది. ఎన్ని వరసలున్నాయి? పదకొండు వేల నాలుగు వందల పన్నెండు. ఎప్పుడు పడ్డాయి? పది ఇరవై ఒకటికి.

మొదట ఒకే ఒక్క వరస తీసి చూసింది. అది రూతు పరీక్ష కోసం వేసుకున్న దొంగ బుకింగు. ఆ డేటాబేస్‌లో మొట్టమొదటి వరస. పేరు రూతు, ఊరు కార్వేటినగరం, ఆమె సొంత ఫోన్ నంబరు, తోడు అన్నచోట "ఎవరూ లేరు. నేనే." గోద దీన్ని ఎన్నోసార్లు చూసింది. పరీక్ష వరసలన్నీ ఊడ్చేసినప్పుడు కూడా దీన్ని ఉంచింది. ఇప్పుడు అది అటకలో నుంచి, అక్షరం పోకుండా, ఆమెను చూస్తోంది. ముఖం తెలియని ఒక ఆడమనిషి, పొమ్మంటే పోయిన మనిషి, పోయేముందు తన తర్వాత వచ్చే దానికోసం అటక కట్టి పోయింది. తనను పొమ్మన్నవాళ్ల లాడ్జీల్లో మోకాళ్లనొప్పుల అవ్వల కోసం కట్టి పోయింది. దీనికి ఏ మాట సరిపోతుంది?

"దొరికినాయా?" అన్నాడు బావగారు.

"దొరికినాయి."

"అయితే నేరుగా ఏసేయరాదా?"

"నేరుగా వేసినందుకే కదా బావా ఇక్కడ కూర్చున్నా."

ముందు పెరట్లో చేసి చూసింది. పాత గడిని మళ్లీ కట్టింది, అటకలోంచి బుకింగు నంబరు పట్టుకుని ఒక్కో వరసకు దాని తోడు దానికి చేర్చింది, కొత్త టేబుల్‌లోకి మోత ఎక్కడ తెగిందో అక్కడి నుంచి మొదలుపెట్టింది. ఒకచోట తప్పు వచ్చింది. దిద్దింది. మళ్లీ మొదటి నుంచి. పెరట్లో లెక్కలు సరిపోయాకే రెండు వందల పదకొండో నంబరు వేసి ఫైలు రాసి, రూతు ప్రోగ్రాం ద్వారా అసలు డేటాబేస్‌కు ఎక్కించింది. ఆ మధ్యలో పక్కన గ్లాసు చప్పుడైంది. చంద్రకాంతమ్మ కాఫీ తెచ్చింది. బల్ల మీద పెట్టి దూరం జరగలేదు. గోద చేతికే ఇచ్చింది. వేళ్లు తగిలాయి.

"అత్తయ్యా, మడి..."

"తాగు. మళ్లా నీళ్లు పోసుకుంటాలే. నీళ్లకేం కరువా?" అని, ఆగి, స్క్రీన్ వైపు చూస్తూ, "ఇదంతా నువ్వేనా చేసేది? నాలుగేండ్లుగా పైనుంచి నీ తల మాత్రమే కనపడతా ఉండె. టైపు కొడతాండావనుకుంటి" అంది.

గోద కాఫీ తాగింది. అంత మంచి కాఫీ ఆ ఇంట్లో ఆమెకు ఎన్నడూ ఎవరూ చేతికి ఇవ్వలేదు. ఇచ్చింది ఇప్పుడైనా, ఆ పూటకు అది చాలనిపించింది. కృతజ్ఞత చూపడానికి లెక్కలు తేలేదాకా ఆగనక్కర్లేదు. లెక్కలు వేరే, అవీ అడుగుదాం.

పదకొండూ యాభైకి మోత ముగిసింది. వరదయ్యకు ఫోన్ చేసి, ఇక కంప్యూటర్‌లో కొట్టుకోవచ్చంది. ఐదు నిమిషాలకు అతనే తిరిగి చేశాడు.

"వచ్చేసినాయమ్మా! పుదుచ్చేరి అవ్వ మోకాళ్లు కూడా వచ్చేసినాయి" అని నవ్వాడు. "ఇంకోటి సెప్పాలమ్మా. కొత్త స్క్రీన్‌లో పేరు అడగమని ఎర్రగా వస్తాండాది కదా. ఇప్పుడే ఒక పెద్దామె గది ఖాళీ చేయను వస్తే, సరే సూద్దామని అడిగినా. అమ్మా, మీ పేరేమి అని. ఆమె మొగుని వైపు సూసింది. నిన్నే అడిగేది అంటి. ఏండ్ల తరబడి ఈ లాడ్జీకి వస్తాండా నాయనా, నా పేరు ఎవురూ అడగలా, అనింది. పోలేరమ్మ అంట. రెండుసార్లు సెప్పింది, సరిగా కొట్టినావా లేదా అని."

నాలుగు వేల పైచిలుకులో ఒకటి తగ్గింది.

గోద ఫోన్ పెట్టేసరికి బావగారు తన ఫోన్‌లో ప్రెసిడెంటుతో మాట్లాడుతున్నాడు. "చిన్న ఇబ్బంది వచ్చినాది అప్పా, మావాడు కౌస్తుభ్ పొద్దున్నుంచి కూర్చుని సరిచేసినాడు. అంతా ఆ అమ్మవారి దయ." కౌస్తుభ్ తల దించుకున్నాడు. గోద గడియారం చూసింది. పన్నెండుకు ఇంకా నాలుగు నిమిషాలు. పని మొత్తం రాహుకాలంలోనే, మూడో దినం చేతులతోనే అయింది. ఏ గ్రహానికీ ఏమీ కాలేదు.

లేచి వాకిట్లోకి వెళ్లి, అటకలోంచి తీసిన ఆ మొదటి వరసలోని నంబరు కొట్టింది. నాలుగేళ్లుగా కొట్టలేదెందుకు? ఏమని చెప్పాలి, నీ చోట్లో కూర్చున్నాను అనా? సిగ్గు. ఇప్పుడు సిగ్గు కంటే పెద్దది ఒకటి చెప్పాల్సి ఉంది.

"ఎవురూ?"

"రూతక్కా, నేను గోదాదేవిని. తిరుపతి, బైరాగిపట్టెడ ఆఫీసు. నువ్వు... తరవాత వచ్చే చెల్లెలికి అని రాసినావే, ఆ చెల్లెలు నేనే."

అవతల పిల్లలెవరో ఎక్కాలు చదువుతున్న శబ్దం. ఆ తర్వాత, "చేయి పెట్టినారా?" అంది రూతు.

"పెట్టినారు."

"నేరుగానా?"

"నేరుగానే."

"అటక?"

"ఒక్క వరస పోలేదక్కా."

రూతు నవ్వింది. పగలబడి నవ్వింది. నవ్వి నవ్వి ముక్కు చీదింది. "ఆ ఫైలు రాసేటప్పుడు నాకు ఏడో నెల. కాళ్లు వాచిపోయి ఉండె. ఎవురి కోసం రాస్తాండావే, పోయేదానివి కదా అని నన్ను నేనే తిట్టుకుంటి. ఎవురో ఒక ఆడబిడ్డ వస్తాది, వాళ్లు చేసిందానికి ఆ బిడ్డను తిడతారు, అని మళ్లా రాస్తి. ఇప్పుడు ఈడ పిల్లలకు ట్యూషన్ చెప్తాండా. డేటాబేస్ పని కూడా దొరికితే ఇంట్లో నుంచే చేస్తా."

"నాకు పని నేర్పింది నువ్వేనక్కా. అది చెప్పాలనే చేసినా."

"నేర్చుకునింది నువ్వు కదమ్మా. సరే గానీ, నీకు సక్రమంగా ఇస్తాండారా? పేరు వేస్తాండారా?"

"ఇంటి మనిషిని కదక్కా" అంది గోద.

"ఫైలు రాసేదానివి. నీ ఫైలు నువ్వే రాసుకోవాల" అంది రూతు.

గోద లోపలికి వచ్చి మళ్లీ కూర్చుంది. ముందు రెండు వందల పదకొండో ఫైలు అడుగున కంపెనీ పేరు తీసేసి, "రాసింది గోదాదేవి, నేర్పింది రూతు" అని వేసింది. తర్వాత కొత్త ఫైలు తెరిచింది. రెండు వందల పన్నెండు. సిబ్బంది టేబుల్‌లో ఒక వరస. పేరు గోదాదేవి. పని డేటాబేస్. చేరిన తేదీ దగ్గర ఈరోజు తేదీ వేయలేదు. నాలుగేళ్ల కిందట, రెండో నెలలో, పప్పు పొయ్యి మీద పెట్టి వచ్చి మొదటిసారి ఈ కుర్చీలో కూర్చున్న తేదీ వేసింది.

"ఏం రాస్తాండావమ్మా ఇంకా? అయిపోయింది కదా" అన్నాడు బావగారు వెనక నుంచి.

"ఒకటి మిగిలింది బావా. సిబ్బందిలో నా పేరు. ఈ నెల నుంచి జీతం, నాకు నేర్పినందుకు రూతక్కను కూడా పనిలోకి పిలవాలి, ఇంటి నుంచి చేస్తుంది. ఇవి కుదిరితే సోమవారం ఈ కుర్చీలో ఉంటా. కుదరకపోతే పైన ఉంటా. నాలుగో దినం తలకు పోసుకున్నాక వంటింట్లోకి మాత్రం రావచ్చు కదా, అక్కడ ఉంటా. కౌస్తుభ్ నొక్కుతాడు."

కౌస్తుభ్ మొదటిసారి తల ఎత్తాడు. "అన్నా, ప్రెసిడెంటుకు మళ్లీ ఫోన్ చెయ్. చేసింది నేను కాదని చెప్పు" అన్నాడు, మెల్లగా, కానీ అన్నాడు. మెట్ల మీద చంద్రకాంతమ్మ నిలబడే ఉంది.

గోద స్క్రీన్ వైపు తిరిగింది. ప్రతి ఫైలుకూ రెండు భాగాలుండాలని రూతు పెట్టిన నియమం, ఈ నాలుగేళ్లలో ఒక్కసారీ తప్పలేదు. "ముందుకు" కింద తన వరస ఉంది. "వెనక్కి" అన్నచోట కర్సర్ ఆడుతోంది. కొంచెంసేపు చూసి, అక్కడ ఒక్క మాట రాసి ఎక్కించింది.

"లేదు."